ఒకటేనా, కాదా?

జావాస్క్రిప్ట్‌లో సమానం గుర్తుని మూడు రకాలుగా వాడతాం: ఒకటి (=), రెండు (==), మూడు (===). కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. లెక్కల మాస్టారు పదో తరగతి దాకా ఒక్క సమానంతోనే నెట్టుకొచ్చారు కదా, ఇక్కడ మూడెందుకు? ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇది అరిగిపోయిన ప్రశ్న. జవాబు అందరూ బట్టీ పట్టే వస్తారు. ఆ బట్టీ జవాబు అడుగున మాత్రం ఒక పాత ప్రశ్న ఉంది. ఈ రెండూ ఒకటే అని ఎప్పుడు అనొచ్చు? అనే హక్కు ఎవరిది? పొరపాటుగా అంటే నష్టం ఎవరికి? రోజూ కొన్ని వందలసార్లు ఈ ప్రశ్నని ఇఫ్ అనే మాట పక్కన బ్రాకెట్లలో పెట్టి ముందుకి వెళ్ళిపోయే వృత్తి నాది. కాసేపు దాని దగ్గర ఆగి చూద్దామనిపించింది.

ముందు ఒక్క సమానం సంగతి. ఇఫ్ బ్రాకెట్లలో ఊరు = "గుంటూరు" అని రాశామనుకోండి. చదివేవాళ్ళకి "ఊరు గుంటూరేనా?" అని అడిగినట్టే ఉంటుంది. కానీ ఒక్క సమానం అడగదు, చెప్తుంది. "నీ ఊరు గుంటూరే పో" అంటుంది. అంతకు ముందు ఆ పెట్టెలో కడప ఉన్నా కరీంనగర్ ఉన్నా చెరిగిపోయి గుంటూరు కూర్చుంటుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా నిజం కిందే లెక్క కాబట్టి ఆ షరతు ప్రతిసారీ నెగ్గుతుంది. ప్రోగ్రామింగ్‌లో ఇది పసివాళ్ళ తప్పు. బయట పెద్దవాళ్ళే ఎక్కువ చేస్తారు. పరిచయమైన రెండో నిమిషంలో "మీ ఇంటిపేరేంటండీ?" అని అడిగేవాళ్ళని చూడండి. వినడానికి అది ప్రశ్నే. మన నోట్లోంచి జవాబు పూర్తిగా రాకముందే వాళ్ళ మనసులోని పెట్టెలో ఒక విలువ వచ్చి కూర్చుంటుంది. ఇక ఆ తర్వాత మనం ఏం మాట్లాడినా షరతు నెగ్గుతూనే ఉంటుంది.

రెండు సమానాలది వేరే గుణం. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. వెబ్ పేజీలో మనిషి టైప్ చేసేదంతా అక్షరాలే. వయసు గడిలో 35 అని కొడితే అది సంఖ్య కాదు, మూడు, అయిదు అనే రెండు గుర్తుల వరస. దాన్ని అసలు సంఖ్య 35తో పోలిస్తే "కాదు" అనడం మరీ మొండితనంగా ఉంటుంది కాబట్టి, == కాస్త సర్దుకుపోతుంది. స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చి చూసి "సరే, ఒకటే" అంటుంది. మంచి ఉద్దేశమే. కానీ ఈ మంచితనానికి హద్దు ఎక్కడో ఎవరికీ గుర్తుండదు. ఖాళీ స్ట్రింగ్ సున్నాతో సమానం అంటుంది. "0" అనే స్ట్రింగ్ కూడా సున్నాతో సమానమే అంటుంది. ఆ రెండు స్ట్రింగులనీ ఎదురెదురుగా నిలబెడితే మాత్రం "వీళ్ళెవరో వేరు" అంటుంది. ఒకడు నాకు స్నేహితుడు, ఇంకొకడూ నాకు స్నేహితుడు, వాళ్ళిద్దరికీ పడదు. స్నేహంలో ఇది మామూలే. సమానం అన్న మాట వాడాక ఇలా కుదరదు. ఎ, బి ఒకటై, బి, సి ఒకటైతే, ఎ, సి ఒకటి కాకపోవడాన్ని ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

అందుకే 1999 నాటి ప్రమాణంలో మూడు సమానాలు వచ్చి చేరాయి. రకం కూడా ఒకటే అయితేనే ఒకటి అంటుంది, లేకపోతే లేదు. సర్దుబాట్లు లేవు. ఈ రోజు చాలా టీముల్లో == రాస్తే ఎడిటర్ ఎర్రగీత పెడుతుంది, పక్కనున్నవాడు మొహం చిట్లిస్తాడు. కచ్చితంగా ఉండటమే మంచితనం అన్నది మా వృత్తిలో స్థిరపడిన నీతి.

అయితే రెండువైపులా ఉన్నవి స్ట్రింగులే అయినప్పుడు == కీ === కీ తేడా ఏమీ లేదు. రెండూ చేసే పని ఒకటే. కాబట్టి మాటని మాటతో పోల్చేచోట ఈ గొడవ సమసిపోయినట్టే అనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

"హైదరాబాద్" అని రాయండి. మన కంటికి హై, ద, రా, బా, ద్ అని అయిదు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని పొడవెంత అని అడిగితే తొమ్మిది అంటుంది. హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. ప్రతిదానికీ యూనికోడ్‌లో ఒక సంఖ్య. రెండు స్ట్రింగులని పోల్చడమంటే ఈ సంఖ్యల వరసలని మొదటి నుంచి ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ పోవడమే. ఇందులో ఊరు లేదు, చార్మినార్ లేదు, ఇరానీ చాయ్ లేదు.

ఇప్పుడు యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వానికే ఒక సంఖ్య ఉంది. అలాగే ఎత్వం పెట్టి, దాని వెనక ఐత్వపు కింది గుర్తుని విడిగా చేర్చే దారీ ఉంది. పలక మీద మనం ఐత్వం రాసే పద్ధతి కూడా అదే కదా, పైన ఎత్వం, కింద ఒక చిన్న మెలిక. సరైన ఫాంటులో చూస్తే ఈ రెండు హైదరాబాదులకీ ఇసుమంత తేడా కనిపించదు. రెండోదాని పొడవు మాత్రం పది. మూడు సమానాలు పెట్టి అడిగితే, ఒకటి కాదు అంటుంది. కళ్ళ ముందు ఒకే మాట, ఒకే ఊరు, మధ్యలో నిలబడ్డ జవాబు మాత్రం "కాదు". అది అబద్ధమూ కాదు. మనం అడిగింది ఊరి గురించి అనుకున్నాం, అది జవాబు చెప్పింది సంఖ్యల గురించి.

2015లో భాషకి నార్మలైజ్ అనే సదుపాయం చేరింది. పోల్చేముందు రెండువైపులా దాన్ని నడిపిస్తే విడి ఐత్వం కలిసిపోయి రెండు హైదరాబాదులూ ఒకటవుతాయి. కానీ ఇది ఎంతవరకు? మాట చివర కంటికి కనిపించని ఒక గుర్తు ఉండొచ్చు. "సాఫ్ట్‌వేర్"లో ట్ కీ వే కీ మధ్య ఒత్తు పడకుండా ఆపే గుర్తు అది. "హైదరాబాద్‌లో" అన్న మాటలోంచి "లో" తీసేస్తే, పొల్లు వెనకాలే అతుక్కుని ఆ గుర్తు మిగిలిపోతుంది. నార్మలైజ్ దాన్ని ముట్టుకోదు. చుట్టూ ఖాళీలు కత్తిరించే ట్రిమ్ కూడా దాన్ని ఖాళీగా లెక్కించదు. అది ఎవరికీ కనిపించదు, కానీ "కాదు" అనిపించడానికి అదొక్కటి చాలు. ఇక "హైద్రాబాద్" అని రాసేవాళ్ళున్నారు, "హైదరాబాదు" అని రాసేవాళ్ళున్నారు. ఇవి ఒకటేనా? పోస్టుమ్యాన్‌ని అడిగితే ఒకటే. నిఘంటువు రాసేవాళ్ళని అడిగితే మూడు రూపాలు. ప్రూఫ్ రీడర్‌ని అడిగితే ఒకటి ఒప్పు, మిగతావి దిద్దాలి.

అంటే "ఒకటేనా?" అన్నది సగం ప్రశ్న. "ఏ పనికి?" అన్నది చేరితే గానీ పూర్తవదు.

ఇది మన పద్యకవులకి ఎప్పుడో తెలుసు. తెలుగు పద్యంలో అక్షరాలు పోల్చడానికి రెండు పద్ధతులున్నాయి. ప్రాస దగ్గర రెండో అక్షరంలోని హల్లు పాదం పాదంలోనూ అదే ఉండాలి, బదులు కుదరదు. యతి దగ్గర అంత పట్టింపు లేదు, మైత్రి ఉంటే చాలు. అకారానికి యకారం, హకారం చెల్లుతాయి. చ, జ లకి శ, ష, స లు చెల్లుతాయి. ప్రాసని మూడు సమానాలనీ, యతిని రెండు సమానాలనీ అనాలనిపిస్తుంది. కానీ ఈ పోలికలో రెండు తేడాలున్నాయి, ఆ రెండే నాకు ముఖ్యం. ఒకటి, అంత కచ్చితమైన ప్రాస కూడా హల్లునే చూస్తుంది, దాని మీది అచ్చుని వదిలేస్తుంది. ఎంత కఠినమైన పోలికైనా దేన్నో ఒకదాన్ని చూడకూడదని ముందే ఒప్పుకునే మొదలవుతుంది. రెండు, యతిలోని సడలింపు ఎవరి దయా కాదు. 17వ శతాబ్దంలో అప్పకవి లాంటి లాక్షణికులు ఏ అక్షరానికి ఏది మిత్రమో కూర్చుని జాబితాలు రాశారు. రాసేవాడికీ, వినేవాడికీ ఆ ఒప్పందం తెలుసు. == చేసే సర్దుబాట్లు కూడా ప్రమాణ గ్రంథంలో రాసే ఉన్నాయి, కానీ రోజూ దాన్ని వాడేవాళ్ళకే గుర్తుండవు. ఇరుపక్షాలకీ తెలియని సడలింపు మైత్రి అనిపించుకోదు.

వేదాంతులు ఇంకో అడుగు ముందుకి వేశారు. "ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అన్న ఉదాహరణ అద్వైతం చదివినవాళ్ళకి పరిచయమే. ఎప్పుడో వేరే ఊళ్ళో చూసిన దేవదత్తుడు, ఇప్పుడు ఇక్కడ కనిపిస్తున్న దేవదత్తుడు. కాలం వేరు, చోటు వేరు, బహుశా జుట్టు కూడా నెరిసింది. అయినా ఒకడే అంటాం. ఎలా? అప్పుడు, అక్కడ, ఇప్పుడు, ఇక్కడ అన్న భాగాలని పక్కన పెట్టి, మిగిలిన మనిషిని తీసుకుంటాం. దీన్నే భాగత్యాగ లక్షణ అన్నారు. నేను దీన్ని చదివినప్పుడు నార్మలైజ్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. పోల్చేముందు రెండువైపులా కొంత వదిలేయాలి. ఏం వదిలేయాలన్నదే అసలు విద్య. జావాస్క్రిప్ట్‌లో మాటలని భాషని బట్టి పోల్చే కొలేటర్ అనే సదుపాయంలో ఈ సంగతి బాహాటంగానే ఉంది. ఎంత సున్నితంగా పోల్చాలో మనం చెప్పొచ్చు. మూల అక్షరం ఒకటైతే చాలా, పైన ఉచ్చారణ గుర్తులు కూడా చూడాలా, పెద్దబడి చిన్నబడి తేడా పట్టించుకోవాలా, అన్నీ చూడాలా అని నాలుగు మెట్లు. సమానం అనేది వస్తువుల్లో దొరికేది కాదని, మనం మీట తిప్పి పెట్టేదని ఇంతకంటే సూటిగా ఏ తత్వశాస్త్ర గ్రంథం చెప్పగలదు?

ఇక్కడివరకూ ఇది ఊళ్ళతో, అక్షరాలతో ఆట. ఆ స్ట్రింగ్ ఒక మనిషి పేరైనప్పుడు ఆట కాదు.

తెలుగు పేరు ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఏమవుతుందో మన అందరి ఇళ్ళలోనూ సాక్ష్యాలున్నాయి. లక్ష్మి అన్న పేరు ఒక కాగితంలో కె, ఎస్, హెచ్ లతో ఉంటుంది, ఇంకోదాంట్లో ఎక్స్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి. వెంకట అన్న ముక్క ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో జారిపోతుంది. వీటిల్లో ఏదీ ఆ మనిషి ఎంచుకున్నది కాదు. బళ్ళో చేర్చుకున్న మాస్టారు ఒకలా రాశాడు, ఫారం నింపిన కుర్రాడు ఒకలా కొట్టాడు. మా అత్తయ్య మావయ్య పోయాక ఆయన డబ్బు కోసం ఒక ఆఫీసుకి తిరిగింది. రెండు కాగితాల్లో ఆమె పేరుకి ఒక్క అక్షరం తేడా. కౌంటర్లో మనిషి మంచివాడే, "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా" అన్నాడు. "నేనే కదా బాబూ, నీ ఎదురుగానే ఉన్నాను కదా" అంది అత్తయ్య. అతను స్క్రీన్ వైపు చూశాడు. ఆమె పని అవడానికి అఫిడవిట్, నోటరీ, ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల ఖర్చుని షరతు రాసినవాడూ భరించలేదు, ఆఫీసూ భరించలేదు.

ఇది విని చాలామంది, "అయితే పోలికని కొంచెం వదులు చేస్తే సరి, దగ్గరదగ్గరగా ఉంటే ఒకటే అనుకుంటే పోలా?" అంటారు. వదులు పోలిక కథ కూడా మన దగ్గరే ఉంది. తెలంగాణ ప్రభుత్వం వాడిన సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలని, పేర్లు, చిరునామాల లాంటివాటిని పోల్చి, ఒక మనిషికి చెందినవిగా కలుపుతుంది. 2024 జనవరిలో అల్ జజీరా దీని మీద ఒక పరిశోధన కథనం వేసింది. రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. కారణం, ఆయనకి కారు ఉందని వ్యవస్థ అనుకుంది. కారు ఉన్నది వేరే మనిషికి. ఆ రెండో పేరులో మధ్యన ఒక మాట ఎక్కువ, అంతే తేడా. ఆ కథనం ప్రకారం 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకి పైగా కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయి. అన్నిటికీ ఈ పోలికే కారణం అని కాదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, స్ట్రింగులని వదిలి మనుషుల దగ్గరికి వెళ్ళి చూడమంది.

మా అత్తయ్య విషయంలో ఒక మనిషి ఇద్దరయింది. అక్కడ ఇద్దరు మనుషులు ఒకరయ్యారు. ఒకదాంట్లో పోలిక మరీ బిగువు, ఇంకోదాంట్లో మరీ వదులు. రెండుచోట్లా నష్టపోయింది మాత్రం కాగితం తప్ప వేరే ఆధారం లేనివాళ్ళే. కాబట్టి బిగువా, వదులా అన్న వాదనతో ఇది తేలదు. మా వృత్తిలోని "ఎప్పుడూ మూడు సమానాలే" అన్న నీతి ఇక్కడ చాలదు.

దీని మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. యంత్రం మొండిది గానీ పక్షపాతి కాదు. కరణం గారి కాలంలో మనిషిని మనిషే గుర్తుపట్టేవాడు. గుర్తుపట్టేది ఎవరిని? తనవాళ్ళని. ఎదురుగా నిలబడ్డది ఎవరో బాగా తెలిసి కూడా "నువ్వెవరో నాకెలా తెలుస్తుంది?" అనగలిగే అధికారం ఆయనది. ముఖం చూసి పని చేసే వ్యవస్థలో ముఖంతో పాటు కులమూ, పలుకుబడీ కూడా కనిపిస్తాయి. అక్షరాలని మాత్రమే చూసే షరతుకి అవేవీ కనిపించవు. ఇది నిజం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొన్నిచోట్ల ఆ గుడ్డితనమే న్యాయం. పాస్‌వర్డ్ దగ్గర ఒక్క అక్షరం తేడా వచ్చినా తలుపు తెరవకూడదు. ఎంత తెలిసినవాడైనా సరే. ఎందుకంటే అక్కడ మనం అడుగుతున్నది నిజంగా అక్షరాల గురించే. "నీకు ఈ అక్షరాల వరస తెలుసా?" అన్నదే ప్రశ్న. ప్రశ్నా, పోలికా సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి.

పేరు దగ్గర అలా కూర్చోవు. "ఈ రెండు వరసలూ ఒకటేనా?" అని యంత్రాన్ని అడుగుతాం, అది నిజాయితీగా జవాబిస్తుంది. ఆ జవాబుని "ఈ ఇద్దరూ ఒకరేనా?" అన్న ప్రశ్నకి జవాబుగా వింటాం. మోసం జరిగేది ఈ రెంటి మధ్య సందులో. యంత్రం చేయదు. స్ట్రింగూ చేయదు. అడిగిన ప్రశ్న ఒకటి, తీసుకున్న తీర్పు ఇంకోటి. ఆ మార్పిడి ఎవరో ఒక మధ్యాహ్నం, స్ప్రింట్ ముగిసేలోపు, ఒక్క వరసలో చేసేస్తారు. ఆ వరసకి సంతకం ఉండదు. తర్వాత కౌంటర్లో కూర్చున్నవాడు "సిస్టమ్" అంటాడు, మంత్రిగారూ "సిస్టమ్" అంటారు. కరణం గారినైనా ఊళ్ళో నిలదీసే అవకాశం ఎంతోకొంత ఉండేది. రెండు బ్రాకెట్ల మధ్యనున్న షరతుని నిలదీయాలంటే అది అక్కడ ఉందని ముందు తెలియాలి కదా.

మరేం చేయాలి? ఇఫ్ పక్కన ఏ గుర్తు పెట్టాలన్నదాని మీద మేం చాలా పోట్లాడుకుంటాం. దాని కింద ఉండే ఎల్స్ మీద అంత శ్రద్ధ పెట్టం. సరిపోకపోతే ఏమవుతుంది అన్నది అక్కడే రాసి ఉంటుంది. చాలాసార్లు అక్కడ ఒకే ఒక్క మాట ఉంటుంది: తిరస్కరించు. నా లెక్కలో నైతిక భారమంతా ఆ మాట మీదే ఉంది. రెండు పేర్లు సరిపోలేదు అన్నది ఒక సమాచారం. దాన్నిబట్టి "తెలియదు, అడుగుదాం" అనుకోవచ్చు. "నువ్వు నువ్వు కాదు" అనీ అనేయొచ్చు. రెండింటికీ కోడ్‌లో తేడా నాలుగు వరసలు. ఒకవేళ సరిపోయిన చోట కూడా, ఆ "అవును" వల్ల ఎవరికో బియ్యం ఆగిపోయేటట్టుంటే, అది అవునే అయినా మళ్ళీ అడగాల్సిందే. నష్టం ఎటువైపు పడుతుందో అటువైపు పోలికని నమ్మకూడదు. తలుపు తీయడానికి ఒక కొలత, తలుపు మూయడానికి ఇంకో కొలత ఉండటం అన్యాయం కాదు. న్యాయస్థానాల్లో నేరం రుజువు కావడానికి ఒక కొలత, ఆస్తి తగాదాకి ఇంకో కొలత ఉన్నట్టే.

ఇదంతా చేస్తే ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది, అక్కడక్కడా మోసగాళ్ళు దూరతారు. అవును, దూరతారు. ఏ పోలికకైనా పొరపాటు తప్పదన్నప్పుడు, ఏ పొరపాటుని భరించగలం అన్నదే మిగిలే ప్రశ్న. దానికి జవాబు ఏ ఆపరేటర్లోనూ లేదు. అది పద్యంలో అయితే లాక్షణికులు చర్చించి తేల్చుకున్నారు, అందరికీ తెలిసేలా రాసిపెట్టారు. మన పేర్ల విషయంలో అలాంటి జాబితా ఏదైనా ఉంటే, అది ఎక్కడుందో, ఎవరు రాశారో, మన అత్తయ్యలకి ఎవరూ చెప్పలేదు.